చిందుపలక చూపిన దిక్కు

నాకు తెలివైనోళ్ళంటే పడదు. తెలివి ఉండడం తప్పు కాదు, దాన్ని నలుగురికీ కనపడేట్ల జేబులో పెన్ను మాదిరి తగిలించుకొని తిరిగేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. పరిశోధన చేసే డాక్టర్ వంశీధర్ మా పెట్టెల కాడికి మొదటిసారి వచ్చినప్పుడు మోకాళ్ళ దాకా బూట్లు, మోచేతుల దాకా గ్లౌజులు, నెత్తిన వల. మనిషి తేనెటీగల కాడికి వచ్చినాడా, చంద్రుని మీదికి పోతాండాడా అనిపించింది. నేను కొంగు నడుముకి దోపుకొని, వట్టి చేతుల్తో పెట్టె మూత తీసి, ఈగలు నిండిన చెక్క చట్టం ఒకటి బయటికి లాగి ఆయన మొగం ముందర పెట్టినా. రెండడుగులు ఎనక్కి వేసినాడు. ఆ రెండడుగులతోనే ఆయన సంగతేందో నాకు తేలిపోయింది.

"వాటిని రెచ్చగొట్టకండి అమ్మా" అన్నాడు.

నా ఈగల్ని నేను రెచ్చగొడతానంట! విన్నారా మాట?

నా పేరు హనుమక్క. ధర్మవరం పక్కన మా ఊర్లో పెట్టె తేనెటీగలు పెంచబట్టి ఇరవై ఎనిమిదేళ్ళు. నేనూ మా తమ్ముడు కుళ్ళాయప్పా నాలుగు పెట్టెలతో మొదలుపెట్టి తొంభై చేసినాం. తేనె అమ్ముకునేది కొంచెమే. అసలు పని వేరే. పువ్వు నుంచి పువ్వుకి పుప్పొడి మోస్తేనే కాయైనా గింజైనా కట్టేది. ఆ మోత పనికి మా ఈగల్ని రైతుల చేలకి తోలుకొని పోతాం. పూత ఉన్నన్ని దినాలు పెట్టెలు ఆ చేన్లోనే, మేమూ ఆ చేన్లోనే. పూత రాలినాక ఇంగో చేను, ఇంగో ఊరు. కుళ్ళాయప్పకి పెళ్ళీ పెటాకులూ లేవు. ఏ పెట్టెలో రాణీగ ఏ నెలలో పుట్టిందో అడిగితే చెప్తాడు గానీ, వాని వయసెంతని అడిగితే నన్ను చూస్తాడు.

ఆ ఏడు బయపరెడ్డి అనే రైతు పన్నెండెకరాల్లో విడతలు విడతలుగా విత్తనం పొద్దుతిరుగుడు వేసినాడు. విత్తనం పంటంటే మామూలు పంట కాదు. నాలుగు సాళ్ళు ఆడ చెట్లు, ఒక సాలు మగ చెట్లు. ఆ మగ పువ్వు పుప్పొడే ఆ ఆడ పువ్వుకి అందల్ల. పక్క చేని పుప్పొడి ఈగ కాలికి అంటుకొని వచ్చిందంటే విత్తనం కల్తీ అయిపోయినట్లే. అందుకే చుట్టుపక్కల ఇంగో పొద్దుతిరుగుడు చేను ఉండకూడదు. బయపరెడ్డి చేనుకి అటు రెండు, ఇటు ఒకటి ఉండాయి. ఇదేందప్పా అని అడిగితే, "డాక్టర్ సారు మిషన్ పెడతాడంటలే అక్కా, ఈగలు నా చేను తప్ప ఇంగో చేను తొక్కవంట" అని మీసం దువ్వుకున్నాడు. దువ్వడానికి అంత మీసం గూడా లేదు ఆయప్పకి.

బెంగుళూరు కంపెనీ తరపున డాక్టర్ తెచ్చిన ఆ మిషన్‌కి ఇంగ్లీషులో చాంతాడంత పేరు ఉండింది. కుళ్ళాయప్ప దానికి చిందుపలక అని పేరు పెట్టినాడు, అందరికీ అదే నిలిచింది.

చూసేదానికి ఏముండాది, అరచేయంత పలక. పెట్టెలో రెండు చట్టాల నడుమ నిలబెడతారు. దాని మీద మైనం పూసిన ఉత్తుత్తి ఈగ ఒకటి, ఇనుప తీగ కొసన. డాక్టర్ తన చేతిలోని ఫోన్‌లో గీత గీస్తే, లోపల ఆ ఉత్తుత్తి ఈగ ఒళ్ళు ఊపుకుంటా నడుస్తాది. నడిచి, నోట్లో నుంచి ఒక చుక్క తీపి కారుస్తాది.

"ఈగ పువ్వుల చోటు కనిపెట్టి వచ్చాక చీకట్లో చిందేస్తుంది కదండీ" అని మొదలుపెట్టినాడు, "అది నిట్టనిలువుగా పైకి నడిస్తే సూర్యుడున్న వైపుకే వెళ్ళమని అర్థం. కిందికి నడిస్తే సూర్యుడికి ఎదురు దిక్కు. ఎంతసేపు ఊపితే అంత దూరం. మా పలక ఆ భాషే మాట్లాడుతుంది."

ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను ఆ చిందు చూస్తానే ఉండా. నాకే చెప్తాండాడు! కుళ్ళాయప్ప మాత్రం నోరు తెరుచుకొని విన్నాడు. కొంతమందికి తెలిసిన సంగతే చదువుకున్నోని నోటి నుంచి వస్తే కొత్తగా ఉంటాది, ఏం చేస్తాం.

అయితే ఒకటి చెప్పల్ల, మిషన్ పని చేసింది. ఫిబ్రవరి ఆఖర్లో ఊరవతల గుట్ట కింద పదెకరాల బీడులో నడుమన ఒక తేనె గిన్నె పెట్టి, పలక చిందేయించినాడు. పావుగంటలో ఈగలు సూటిగా ఆ గిన్నె మీద వాలినాయి. మధ్యలో పూసిన కానుగ చెట్టు ఉంటే, దాని పక్కకి గూడా చూడలేదు. కుళ్ళాయప్ప చప్పట్లు కొట్టినాడు. నేను మూతి తిప్పుకొని పోయి నీళ్ళు తాగొచ్చినా. తొంభై పెట్టెల్లోనూ పలకలు పెట్టేదానికి ఒప్పుకొని వేలిముద్ర వేసింది మాత్రం నేనే. ఏమిటికి వేసినానంటే, వేయనంటే భయపడినాననుకుంటాడని.

మేమైతే పెట్టెల్ని చేను లోపలే పెడతాం. ఈయన పెట్టనియ్యలేదు. "చేనులో పెడితే ఈగలు ఎలాగూ అక్కడికే వెళ్తాయి, పలక గొప్ప ఏముంది?" అని, చేనుకి ఉత్తరంగా అర మైలు దూరంలో ఒక గరుసు నేల చూసి అక్కడ దించమన్నాడు. పక్కనే ఆయన ల్యాబు, రేకుల షెడ్డుకి ఏసీ పెట్టుకున్నాడు. దక్షిణాన బయపరెడ్డి పొద్దుతిరుగుడు. ఉత్తరాన, అంతే దూరంలో, గంగులప్ప దోస తోట. నడుమన నా పెట్టెలు. బడాయి చూపించుకునేదానికి నా ఈగలకి దినానికి అన్ని మైళ్ళ నడక పెట్టినాడు.

ఆ బడాయికి ఊరు ఊరంతా తల ఊపింది. మాకో ఆచారముంది. చుట్టుపక్కల ఎవరు పంటకి మందు కొట్టాలన్నా ముందు దినం సాయంత్రమే పెట్టెలోళ్ళకి మాట పంపల్ల. మేము తెల్లారకముందే తడి గోనెపట్టాలతో పెట్టెల వాకిళ్ళు మూస్తాం. మందు వాసన పోయినాక తీస్తాం. ఏటా ఎవరి ఇంటికి ఆ ఇంటికి ఒక సీసా తేనె ఇచ్చేది ఆ మాటకే. డాక్టర్ పంచాయతీ ఆఫీసు ముందర మీటింగ్ పెట్టి, "ఇక మీరు ఎవరికీ చెప్పనక్కర్లేదండీ, ఈగలు నా పలక చెప్పిన చేనుకే వెళ్తాయి, మీ మందు మీరు కొట్టుకోండి" అన్నాడు. రైతుల మొగాలు వెలిగిపోయినాయి. ఒక మాట చెప్పి పంపేదే పెద్ద బరువైనట్లు! ఆ మరుసటి దినం నుంచి ఒక్కడంటే ఒక్కడు మా గుడిసె తట్టు రాలేదు.

"ఇది మంచిది కాదురా" అని కుళ్ళాయప్పతో అన్నా, సంగటి ముద్ద కలుపుకుంటా.

"సారు అన్నీ లెక్కలు చూసే చెప్పింటాడులే అక్కా."

"ఆయన లెక్కలు ఆయన ల్యాబులో."

"నీకు ఆయనంటే ఊరికే కోపం. పాపం మంచోడక్కా. నిన్న గ్లౌజులు తీసేసినాడు. ఏడు చోట్ల కుట్టినాయి. కుయ్యి అనలేదు."

అదీ నిజమే. మార్చి నడిమికి బూట్లు గూడా వదిలేసినాడు. మధ్యాహ్నం మా గుడిసెలో కూర్చొని, కుళ్ళాయప్ప చేసిన ఊరిమిండి పచ్చడి నంజుకొని సంగటి తినేవాడు. కారానికి కండ్లల్లో నీళ్ళు కారతా ఉన్నా ఇంకొంచెం అని అడిగేవాడు. మనిషిలో నేను ముందు అనుకున్న తప్పులు ఒక్కొక్కటే పోతావుంటే నాకు ఇంకా మంటెత్తింది. కొత్త తప్పులు వెతుక్కున్నా. నడక బాగలేదు, నవ్వు బాగలేదు, ప్రతి మాటకీ ఆ 'అండీ' బాగలేదు.

ఇంగోటి నన్ను శానా బాధపెట్టింది. ఏప్రిల్ మొదట్లో ఒక పెట్టె తెరిచి చూస్తే నా ఈగలు చిందేయడం మానేసినాయి. ఒక్కటి గూడా వేయడంలేదు. బయట పూసిన చెట్టు చూసొచ్చిన ఈగ గూడా చిందేయకుండా పోయి ఆ ఉత్తుత్తి ఈగ చుట్టూ చేరి, అది ఎటు నడుస్తే అటు తల తిప్పుతాండాది. పనికిమాలిన పురుగుల్లారా, ఇనుప తీగకి దండం పెడతారా అని వాటిని గూడా తిట్టినా.

ఇంగ అసలు సంగతి చెప్తా. దీన్ని చెప్పేదానికే ఇంతసేపూ ఊరందరినీ ఆడిపోసుకున్నా.

ఒకసారి డాక్టర్ ఒక ఫారం తెచ్చినాడు. పెట్టెలెన్ని, ఈగల జాతేంది, ఇవన్నీ రాసుకొని, కింద ఒకటే ఒక గీత ఉంటే దాని మీద వేలు పెట్టి, "ఇక్కడ ఈ ప్రాంతంలో ఈగల గురించి మీకు తెలిసింది, నాకు తెలియనిది ఏమైనా ఉంటే చెప్పండమ్మా" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళకి ఒక్క గీత! జానెడు గూడా లేదు. నాకు నవ్వొచ్చింది.

"ఏమీ లేదు, రాసుకోండి" అన్నా.

రాసుకున్నాడు. అదొకటి.

ఏప్రిల్ ఇరవై దాటినాక మా పక్క ఒక సంగతి జరుగుతాది. మధ్యాహ్నం పొద్దు సరిగ్గా నెత్తి మీదికి వస్తాది. నిలబడితే నీడ కాళ్ళ కిందే ఉంటాది. పొద్దు ఏ పక్కా లేనప్పుడు ఈగకి దిక్కు తెలీదు. ఆ మధ్యాహ్నాలు ఈగలు బయటికి పోవు, పెట్టె వాకిట్లో గుంపుగా కూర్చుంటాయి. పది పన్నెండు దినాలు ఇట్లే. మా నాయన కొండ తేనె దించేవాడు, ఆ దినాలని నెత్తిపొద్దు దినాలు అనేవాడు. అవి దాటినాక పొద్దు మధ్యాహ్నం పూట ఉత్తరం పక్కకి ఒరుగుతాది. అప్పటిదాకా దక్షిణాన ఉన్న పొద్దు ఉత్తరానికి పోతాది. ఇది తెలుసుకునేదానికి చదువు ఏం పన్లేదు. గోడ నీడ చూస్తే చాలు.

ఇరవై నాలుగో తారీఖు మధ్యాహ్నం డాక్టర్ పరిగెత్తుకొని వచ్చినాడు. "అమ్మా, పలక చిందేస్తోంది, ఈగలు కదలడం లేదు. ఎందుకంటారు?"

అన్ని చదువులు చదివి, ఆకాశం తట్టు ఒకసారి తలెత్తి చూడలేదు. వాని మొగం చూసి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

"ఎండకి, సారూ" అన్నా.

ఎండ అని రాసుకున్నాడు. పెట్టెల మీద తడి పట్టాలు కప్పించినాడు. రెండు ఫ్యాన్లు తెప్పించి, మధ్యాహ్నాలు వాకిళ్ళు మూయించినాడు. నేను చూస్తా కూర్చున్నా. అది రెండు.

మే మొదటి వారంలో నేను మధ్యాహ్నం కూర్చునే చాపని షెడ్డు గోడకి ఉత్తరం పక్క నుంచి దక్షిణం పక్కకి మార్చుకున్నా. నీడ అటు పడతాది గదా మరి. ఆయన ఎదురుగా నిలబడి చూసినాడు. "చాప ఎందుకు మార్చారమ్మా?" అన్నాడు. చిన్నపిల్లోని మాదిరి నిజంగా తెలుసుకోవాలనే అడిగినాడు.

"ఇటు గాలి బాగుండాది" అన్నా. మూడు.

నాలుగోది తొమ్మిదో తారీఖు, సాయంత్రం. ఫోన్‌లో గీతలు చూస్తా వచ్చినాడు. రెండు మూడు దినాలుగా పొద్దున పూట ఈగలు చేను నడిమికి పోకుండా తూరుపు అంచుకి పోతాండాయంట. "అమ్మా, నాకేదో అనుమానంగా ఉంది. దీనికీ సూర్యుడికీ ఏమైనా సంబంధం ఉంటుందా?"

దగ్గరికొచ్చేసినాడు. ఇంగొక్క మాట అంటే తెలిసిపోతాది. మరుసటి దినం పెద్ద పండగ మాదిరి పెట్టుకున్నాడు ఆయన. బెంగుళూరు నుంచి కంపెనీ పెద్దోళ్ళు వస్తాండారు. ఫ్యాన్లు ఉండాయి గదా, ఇంగ ఎండ బాధ లేదని, సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకి, పొద్దున్నుంచి మూసిన తొంభై పెట్టెల వాకిళ్ళు ఒక్కసారి తెరిచి, ఈగలన్నీ ఒక దండు మాదిరి దక్షిణానికి పోయేది చూపించల్లని. పలకేమో ఇంగా పాత చిందే వేస్తాండాది, మధ్యాహ్నం పొద్దు దక్షిణాన ఉండాదనే నమ్మింది. పొద్దు తట్టు పొమ్మని చెప్తాది. ఈగలు పొద్దు తట్టే పోతాయి. పొద్దు ఇప్పుడు ఉత్తరాన ఉండాది. అంతమంది ముందర ఈగలన్నీ ఎదురు దిక్కుకి పోతే ఆయన మొగం ఎట్ల మాడిపోతాదో చూడల్లని నా కోరిక. ఈగలకి ఏమైతాదిలే, తిరిగి తిరిగి వట్టి నోటితో ఇంటికొస్తాయి అనుకున్నా. ఉత్తరాన ఏముందో నాకు తెలుసు. ఎవరూ మాట పంపడం మానేసినారని గూడా తెలుసు. రెండు నెలలుగా నోరు నొప్పి పుట్టేట్ల అదే తిట్టుకుంటావున్నా గదా. అయినా ఆ రెండిటినీ కలిపి ఆలోచించలేదు. ఆయన మొగమే కండ్ల ముందర ఉంటే ఇంగేం ఆలోచిస్తా?

"పొద్దు ఎప్పుడూ ఉండే చోటే ఉంటాది గదా సారూ" అన్నా.

"అంతే కదా" అని తన మీద తనే నవ్వుకొని పోయినాడు.

పదో తారీఖు పన్నెండుకి షామియానా కింద పెద్దోళ్ళు ఎనిమిది మంది. అందరి చేతుల్లో కొబ్బరిబోండాలు. బయపరెడ్డి కొత్త చొక్కా. డాక్టర్ ఏదో మాట్లాడినాడు, కూలోళ్ళని పెట్టుకొని కుళ్ళాయప్ప వాకిళ్ళు తీసినాడు. తొంభై పెట్టెల ఈగలు లేచినాయి. మీరు చూడల్ల ఆ లేవడం. ఒక్కసారి నేల అదిరినట్లు మోత. నెత్తి మీద ఒక చుట్టు తిరిగి, సూటిగా ఉత్తరానికి పోయినాయి.

నేను పకపకా నవ్వినా. ఆ పెద్దోళ్ళలో ఒకామె ఇటు తిరిగి చూసింది. డాక్టర్ మొగం నేను అనుకున్నట్లే మాడిపోయింది. చూసినా, కడుపు నిండా చూసినా.

అంతలో కుళ్ళాయప్ప, "అక్కా, ఆ మోతేంది?" అన్నాడు.

"ఈగలు గదరా."

"ఈగలు పోయినాయి. ఇంగా మోత వస్తాండాది."

విన్నా. ఉత్తరం తట్టు నుంచే. సన్నగా, ఆగకుండా. డ్రోను. గంగులప్ప దోస తోటకి మందు కొట్టేదానికి బాడుగ డ్రోను వచ్చింది. ముందైతే మాకు మాట పంపి, పెట్టెలు మూసినాకే కొట్టేవాళ్ళు. ఇప్పుడు అడిగేవాళ్ళెవరు? డ్రోను ఏ యాళకి దొరికితే ఆ యాళకే.

కుళ్ళాయప్ప పరిగెత్తినాడు. డాక్టర్ వాని కంటే ముందర పరిగెత్తినాడు, చెప్పులు ఊడిపోయినా ఆగలేదు. అర మైలు. ఆ ఎండలో మనిషి ఎంత పరిగెత్తితే ఈగని దాటతాడు? వాళ్ళు పోయేసరికి నిండా పూసిన దోస పువ్వుల మీద నా ఈగలు, వాటి మీద తెల్లగా పొగ మాదిరి మందు. డాక్టర్ ఆ పొగలోకే పోయి చేతులు ఊపి డ్రోను ఆపించినాడంట. తర్వాత నాలుగు దినాలు ఆస్పత్రిలో ఉన్నాడు.

కొన్ని ఈగలు తిరిగొచ్చినాయి. అదే ఇంగా అన్యాయం. రెక్కలు వణుక్కుంటా వచ్చి, వాకిలి ముందర పడి, గిరగిర తిరిగి, నాలుక బయటపెట్టి చచ్చినాయి. లోపలికి పోయినవి లోపలి వాటికి గూడా అంటించినాయి. పిల్లపురుగులకి మేత పెట్టేవి లేక అవీ పోయినాయి. నాలుగు దినాల్లో తొంభై పెట్టెలకి పదకొండు మిగిలినాయి. చచ్చిన ఈగల్ని కుళ్ళాయప్ప చేటతో ఎత్తి గుంతలో పోసినాడు. తిండి పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు.

ఐదో దినం డాక్టర్ ఆస్పత్రి నుంచి నేరుగా మా గుడిసెకి వచ్చినాడు. కుళ్ళాయప్ప లేచి పోయి చెంప మీద ఈడ్చి కొట్టినాడు. నా తమ్ముడు ఈగని గూడా విదిలించి ఎరగడు. డాక్టర్ నిలబడి తిన్నాడు.

"మా అక్కకి అన్నీ తెలుసు! ఒక్క మాట అడిగింటే చెప్పేది గదా! నీకు అడిగేదానికి నామోషీనా?" అని అరిచినాడు వాడు.

నేను అక్కడే ఉండా. స్తంభం పట్టుకొని నిలబడినా.

ఆ వారమంతా ఊర్లో ఇదే మాట. హనుమక్క ముందే చెప్పిందంట, ఆ చదువుకున్నోడు వినలేదంట. పేపర్లో నా ఫోటో వేసినారు, పెట్టె మీద చెయ్యి పెట్టి నిలబడింది. పల్లె అనుభవాన్ని తోసిపారేసిన పట్నం తెలివి అని దాని కింద రాసినారంట. నన్ను ఎవరూ అడగలేదు గూడా. అట్లాంటి కథే కావల్ల గదా జనానికి. బయపరెడ్డి, గంగులప్ప, మాట పంపడం మానేసిన ప్రతి ఒక్కడూ నా దగ్గరికొచ్చి, "నీ మాట వినింటే బాగుండు అక్కా" అని కండ్లు తుడుచుకునేవాళ్ళు. ఏ మాట? నేనేం చెప్పినా? సిగ్గులేని మొగాలు. వాళ్ళని అసహ్యించుకునే హక్కు గూడా నాకు లేకుండా పోయింది, అదీ నా ఏడుపు.

కంపెనీ వాళ్ళు విచారణ పెట్టినారు, ఆ రేకుల షెడ్డు ల్యాబులోనే. బెంగుళూరు నుంచి వచ్చి, ఆ దినం నా నవ్వుకి తిరిగి చూసిన ఆడమనిషే పెద్ద. గంగులప్పనీ, కుళ్ళాయప్పనీ, నన్నూ కూర్చోబెట్టినారు. డాక్టర్ ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"పలక లోపలి లెక్క చలి దేశంలో రాశారు. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు. ఇక్కడ అలా ఉండడని నాకు తట్టలేదు. తప్పు నాదే" అన్నాడు.

"హనుమక్క గారు మిమ్మల్ని ముందే హెచ్చరించారట కదా?" అని అడిగింది ఆమె.

ఆయన నా తట్టు చూసినాడు. ఇప్పుడు నా బండారం బయటపెడతాడు అనుకున్నా. పెట్టింటే బాగుండు. నేనూ నాలుగు మాటలు ఎదురు అనేదాన్ని. ఆయన "నాకు గుర్తులేదండీ. చెప్పే ఉంటారు. నేనే సరిగ్గా వినిపించుకోలేదేమో" అన్నాడు.

నాటకం కాదు. మనిషి నిజంగానే తన మీద తనకే నమ్మకం పోయి అన్నాడు. ఊరంతా అంటాంటే అదే నిజమేమో అనుకున్నాడు. అడిగింది ఆయన, అబద్ధం చెప్పింది నేను, చివరికి తనకి చెవులు లేవేమోనని అనుమానపడింది ఆయన.

"చెప్పలేదు" అన్నా.

అందరూ ఇటు తిరిగినారు.

"ఆయన అడిగినాడు. నేను చెప్పలేదు. ఈగలు కదలడంలేదేమంటే ఎండకి అన్నా. చాప ఏమిటికి మార్చినావంటే గాలికి అన్నా. పొద్దుకి సంబంధముందా అని నోరు తెరిచి అడిగితే, పొద్దు ఉండే చోటే ఉంటాది అన్నా. నాకంతా తెలుసు. ఈగలు ఉత్తరానికి పోతాయని తెలుసు. మీ అందరి ముందర ఆయన నవ్వులపాలు కావల్లని ఊరికే ఉండా."

ఆమె రాసుకుంటున్న పెన్ను ఆగిపోయింది. గంగులప్ప నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. డాక్టర్ ఏమంటాడో అని చూసినా. ఒక్క తిట్టు తిట్టల్ల గదా మనిషి! ఆయన కుర్చీ లాక్కొని కూర్చొని, మొగం చేతుల్లో పెట్టుకున్నాడు. భుజాలు కదిలినాయి.

"ఎన్నిసార్లు అడిగినాడు?" అన్నాడు కుళ్ళాయప్ప. పదిహేను దినాల్లో వాడు నాతో అన్న మొదటి మాట అది.

"నాలుగు సార్లు."

వాడు నేల చూస్తా తల ఊపినాడు. లేచి పోయినాడు.

మరుసటి దినం తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే గుడిసె ముందర ట్రాలీ ఆటో నిలబడి ఉండింది. మిగిలిన పదకొండు పెట్టెల వాకిళ్ళకీ కుళ్ళాయప్ప తడి పట్టాలు కట్టేసినాడు.

"యాడికిరా?" అన్నా.

"ల్యాబుకి. సారుకిస్తాండా. పలకలన్నీ తీసేసినా. నేనూ ఆడనే ఉంటా."

"ఆయనకా? పెట్టె మూత తీసేది గూడా సరిగ్గా రాదు గదరా ఆయనకి!" నోరు జారి మళ్ళీ అదే గొంతు వచ్చింది. నాకే వినపడింది.

"రాదు" అన్నాడు వాడు. "రాకపోతే అడుగుతాడు. నన్ను అడుగుతాడు, నాకు తెలీకపోతే ఇంగొకర్ని అడుగుతాడు. అడిగే మనిషి దగ్గరుంటే బతుకుతాయి."

"నా ఈగలురా అవి."

"నీ తొంభై నువ్వు తినేసినావు. ఇవి మిగిలినవి."

మేత నిండిన పెట్టె ఒక మనిషి ఎత్తేది కాదు, ఇద్దరు పట్టల్ల. వాడు ఒక పక్క వంగి నిలబడినాడు. పిలవలేదు, నా తట్టు చూడలేదు, ఊరికే నిలబడినాడు. నేను పోయి ఇంగో పక్క పట్టినా. లోపల సన్నగా మోత చేతులకి తెలుస్తావుంది. పదకొండు పెట్టెలూ ఇద్దరమే ఎక్కించినాం. జాగ్రత్త అన్నాడు, పక్కకి జరుగు అన్నాడు, పట్టా ఊడుతాంది చూడు అన్నాడు. ఒక్కసారి గూడా అక్కా అనలేదు.